కార్బురేటరు: గాలి, పెట్రోలుల పొత్తు

“మైలేజి వచ్చుట లేదు, పెట్రోలు కొంచెము తగ్గించి పెట్టవయ్యా” అని మెకానిక్కును కోరువారిని మేము తరచుగా చూచుచుందుము. కోరిక తీర్చుట సులభమే. ఆ తగ్గింపు ఇంజనును ఏమి చేయునో ముందుగా తెలిసికొనుట మేలు.

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చినది మొదలు కొత్త మోటారు సైకిళ్ళలో దాదాపు అన్నింటను ఇంజక్షను పద్ధతియే కలదు. పాత బుల్లెట్లకు, యెజ్డీలకు, రాజదూతులకు మాత్రము నేటికిని కార్బురేటరే ఆధారము.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలయును. ఈ పొత్తు కుదుర్చుటయే కార్బురేటరు పని. దాని గొట్టము నడుమ ఇరుకుగా నుండును. ఇంజను లోనికి పీల్చు గాలి ఆ ఇరుకున వడి హెచ్చి, ఒత్తిడి తగ్గును. క్రింది తొట్టిలోని పెట్రోలుపై బయటి గాలి ఒత్తిడి ఎప్పటివలెనే ఉండును గనుక, పెట్రోలు జెట్టు రంధ్రము గుండ పైకెగసి తుంపరలై గాలిలో కలియును.

యాక్సిలరేటరు త్రిప్పిన కొలదియు స్లైడును, దానితో సూదియు లేచును. ఆరంభమున చిన్న జెట్టు, నడుమ సూది, పూర్తిగా త్రిప్పినపుడు పెద్ద జెట్టు పెట్రోలును కొలుచును. బండి ఎచ్చట తడబడునో గమనించినచో లోపమెచ్చటనో తెలియును. ప్రక్కనున్న గాలి మరను ఎంత త్రిప్పినను దాని ప్రభావము నెమ్మది నడకపైననే. మైలేజి కొరకు దానినే త్రిప్పుచుండుట వృథా శ్రమ.

గాలి వడపోత గుడ్డను శుభ్రము చేయక కార్బురేటరుపై చేయి వేయరాదు. పిమ్మట కొంత దూరము నిలకడగా నడిపి, ఇంజను ఆపి, చల్లారిన మీదట ప్లగ్గు విప్పి చూడుడు. గోధుమ రంగు సరియైనది. నల్లని మసి పెట్రోలు హెచ్చినదనుటకు గుర్తు. డబ్బు పోవును గాని ఇంజనుకు వెంటనే ముప్పు లేదు. తెల్లబారినచో పెట్రోలు చాలుట లేదు. ఇంజను అతిగా వేడెక్కును, పిస్టనుకు చిల్లి పడుటయు కలదు. యెజ్డీ, రాజదూతు వంటి టూ స్ట్రోకు బండ్లలో, పెట్రోలుతో నూనె కలిపి పోయునపుడు, పెట్రోలుతోపాటు నూనెయు తగ్గును. మిగిల్చిన పెట్రోలు వెల పిస్టను వెలకు ఏ మూల?

ప్లగ్గు తెల్లబారినచో కార్బురేటరు ఇంజనుతో కలియు చోట గాలి చొరబడుచున్నదేమో మొదట చూడవలెను. అట్టిది లేనిచో సూది తలకు గల క్లిప్పును ఒక గాడి క్రిందికి మార్చవలెను. క్లిప్పు దిగిన సూది లేచును, పెట్రోలు హెచ్చును. పలువురు దీనిని తారుమారుగా తలచుచుందురు.