ప్రాసెసరు వేగము పెంచుట

పలాసలో జీడిపిక్కలు కాల్చువారు వేడిని సదా కనిపెట్టి యుందురు. వేడి చాలనిచో పెంకు సులభముగా ఊడదు. మించినచో లోని పప్పు మాడి ధర పడిపోవును. ఇంటి కంప్యూటరులోని ప్రాసెసరును, దాని నిర్మాతలు నిర్ణయించిన వేగమునకు మించి నడపదలచువారు మొదట తెలిసికొనవలసినదియు వేడి సంగతియే. ఈ పనిని ఓవర్‌క్లాకింగు అందురు.

ప్రాసెసరు గడియారమువలె ఒక స్పందన ననుసరించి పనిచేయును. మదర్‌బోర్డు సెకనుకు పది కోట్ల స్పందనలు, అనగా 100 మెగాహెర్ట్జులు, ఇచ్చు ననుకొందము. ప్రాసెసరు దానిని 40తో గుణించుకొన్నచో 4,000 మెగాహెర్ట్జు లగును. గుణకమును 42 చేసినచో 4,200. చేయవలసిన దింతియే. చిక్కంతయు దీని తరువాతనే గలదు. వేగము హెచ్చినకొలది ఒక్కొక్క స్పందనకు లభించు వ్యవధి తగ్గును. ఆ వ్యవధిలో ట్రాన్సిస్టర్లు తమ స్థితిని మార్చుకొనలేనిచో లెక్క తప్పును. వానిని త్వరపెట్టుటకు వోల్టేజి పెంచవలసివచ్చును. స్పందనలవలన వ్యయమగు విద్యుత్తు వేగము చొప్పున పెరుగును గాని, వోల్టేజి విషయమున దాని వర్గము చొప్పున పెరుగును. వేగమును నూటికి 5 వంతులు, వోల్టేజిని 10 వంతులు హెచ్చించినచో విద్యుద్వ్యయము సుమారు 27 వంతులు పెరుగును. అదంతయు వేడియై వెలువడును. అయిదింటికి ఇరువదియేడు: బేరము ఎట్టిదో గృహిణులే చెప్పగలరు.

1998లో వచ్చిన ఇంటెల్ వారి సెలెరాన్ 300ఏ అనునది బోర్డు స్పందనను 66 నుండి 100 మెగాహెర్ట్జులకు మార్చగా 300కు బదులు 450 మెగాహెర్ట్జులతో నడచి ప్రసిద్ధి కెక్కెను. అట్టి లాభము నేడు లేదు. నేటి ప్రాసెసర్లు చల్లదన మున్నంతవరకు తమంతట తామే వేగము పెంచుకొనుచున్నవి. కావున దీనికై కొత్తగా డబ్బు వెచ్చింపవలదని మా యభిప్రాయము. నేర్చుకొనవలెనను కుతూహలమున్నచో అది వేరు మాట. అపుడైనను ఇంటెల్ రకములలో సామాన్యముగా పేరు చివర ‘కె’ అక్షరమున్న ప్రాసెసరును, ‘జెడ్’ తరగతి బోర్డును ఉండవలెను. ఏఎమ్‌డి వారి రైజెన్ డెస్క్‌టాప్ రకములలో పెక్కింటికి ‘బి’, ‘ఎక్స్’ తరగతుల బోర్డులు చాలును. వీనితోబాటు వచ్చిన హామీపత్రమును ముందుగా చదువవలెను.

ఇంట కంప్యూటరు సాధారణముగా ఒక్కటియే యుండును. టెక్కలి కళాశాలకు పోవు అమ్మాయి ప్రాజెక్టు, జీడి వ్యాపారపు పద్దులు, పెండ్లి ఫోటోలు అన్నియు అందే యుండును. వేగము మించిన యంత్రము ఆగిపోయినచో నష్టము కంటికి కనబడును. ఆగకయే లెక్క తప్పి, ఫైళ్లను చడీచప్పుడు లేక చెరచుట అంతకంటె ప్రమాదము. అందుచే అన్నింటికిని వేరొక డిస్కులో నకలు తీసిన పిమ్మటనే బయాస్ తెరువవలెను. అందలి పూర్వపు విలువలను కాగితముపై వ్రాసికొని, మామూలు వేగముతోనే ప్రైమ్95 వంటి పరీక్షను అరగంట నడిపి ఉష్ణోగ్రత చూడవలెను. అప్పుడే 85 డిగ్రీలు దాటినచో ప్రయత్న మచ్చటనే విరమింపవలెను. లేనిచో గుణకమును ఒక్కటి పెంచి, మరల పరీక్షింపవలెను. యంత్రము తడబడినచో వెనుకటి మెట్టుకు దిగుటయే తొలిసారి చేయువారికి క్షేమము. వోల్టేజిని తాకక తప్పదన్నచో 0.01 వోల్టు చొప్పున మాత్రమే పెంచవలెను. నిలుకడ కలిగినదని తోచిన తరువాత రాత్రి యంతయు పరీక్ష నడుపవలెను. 2024లో ఇంటెల్ 13, 14 తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరములు కాగా, హెచ్చు వోల్టేజి కారణమని కంపెనీయే ప్రకటించి, హామీని రెండేండ్లు పొడిగించెను. నిర్మాతలకే అట్లు జరిగినపుడు మన తొందర యెంత!

ఉద్దానమున మరికొన్ని జాగ్రత్తలు గలవు. సముద్రపు గాలిలోని ఉప్పు, చెమ్మ దుమ్ముతో కలిసి కూలరు రేకుల నడుమ జిగటగా పేరుకొనును. కరెంటు తీసివేసి, మెత్తని కుంచెతో తరచుగా దులుపవలెను. కూలరు వేడిని గదిలోనికి తరుమునే గాని గదికంటె చల్లబరుపలేదు. మార్గశిరపు రాత్రి 24 డిగ్రీల గదిలో 75 చూపిన ప్రాసెసరు, వైశాఖమున 36 డిగ్రీల గదిలో సుమారు 87 చూపును. కావున చలికాలమున కుదిర్చిన వేగమును ఎండకాలమున మరల పరీక్షించి తీరవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటిన పిమ్మట ఈ ప్రాంతపు పల్లెలు దినములకొలది కరెంటు లేక యుండినవి. అట్టి వేళ జనరేటరుపై యంత్రమును నడపవలసివచ్చినచో మామూలు వేగమునకు దించుట మేలు. బయాస్‌ను కొత్తది చేయునపుడు యూపీఎస్ తప్పనిసరి.

తెరపై ఏమియు రానిచో భయపడ నక్కరలేదు. కరెంటు తీగను ఊడదీసి, బోర్డుపై బిళ్లవంటి బ్యాటరీని కొన్ని నిమిషములు తీసి పెట్టినచో చాల బోర్డులలో విలువలు పూర్వస్థితికి వచ్చును.