ఢిల్లీ లేఖ: రెండు వార్డుల నడుమ ఒక రక్త పరీక్ష

2005 మార్చి 22న పేటెంట్ల సవరణ బిల్లు లోక్‌సభ ఆమోదం పొందిన నాడు విలేఖరుల గ్యాలరీలో ఉన్న మాలో చాలామంది మూడవ సెక్షనులోని ‘డి’ ఉపవిభాగాన్ని అంతగా పట్టించుకోలేదు. యు.పి.ఏ. ప్రభుత్వానికీ, దానిని వెలుపలినుండి బలపరుస్తున్న వామపక్షాలకూ నడుమ సాగిన బేరసారాలే మాకు ఆనాటి వార్త. తెలిసిన మందుకే కొత్త రూపం తొడిగి, గుణంలో మెరుగుదల చూపకుండా మళ్లీ పేటెంటు కోరడం చెల్లదని ఆ ఉపవిభాగం సారాంశం. ఆ కొద్ది పంక్తులకూ, ఒకానొక కాన్సర్ చికిత్సకూ గల సంబంధమే ఈ వారపు విషయం.

హెపటైటిస్ సి వైరస్ కాలేయాన్ని తొలిచివేస్తుందని లోకానికి తెలుసు. శుద్ధిచేయని సూదులు, పరీక్షించని రక్తం దానికి రాచబాటలు. అయితే 1989లో గుర్తించిన ఈ వైరస్ లింఫోమాకు సైతం కారణం కాగలదన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఊళ్లో దొంగ దాగి ఉన్నాడని ఏళ్ల తరబడి కావలివాళ్లను పెంచుకుంటూ పోతే, చివరకు వారిలోనే ఒక ముఠా తయారైనట్లు, వైరస్‌ను ఎదిరించడానికై నిరంతరం వృద్ధి చెందే ‘బి’ జాతి రక్తకణాలలో కొన్ని అదుపు తప్పి కాన్సర్‌గా మారుతాయి. మరి దొంగను ఊరినుండి వెళ్లగొడితే ముఠా చెదరిపోతుందా?

చెదరిపోగలదని ఫ్రెంచి వైద్యులు 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ప్రకటించారు. ప్లీహానికి సోకే ఒక రకం లింఫోమాతోపాటు ఈ వైరస్ కూడా ఉన్న 9 మందికి ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. వారిలో 7గురికి రక్తంలో వైరస్ జాడ మాయమైన పిదప లింఫోమా కూడా పూర్తిగా ఉపశమించింది. అదే లింఫోమా ఉండి వైరస్ లేని మరి 6గురికి అదే మందు ఇచ్చినా ఫలితం శూన్యం. అనగా కాన్సర్‌ను అణచినది ఇంటర్‌ఫెరాన్ కాదు, వైరస్ నిష్క్రమణ. ఇంత చిన్న ప్రయోగం ఇంత స్పష్టంగా మాట్లాడడం వైద్యంలో అరుదు.

కాని ఇంటర్‌ఫెరాన్ చికిత్సే ఒక వ్యాధి వంటిది. నెలల తరబడి సూదిపోట్లు, జ్వరం, మనోవ్యాకులత. 2013 డిసెంబరులో అమెరికా అనుమతించిన సొఫోస్బువిర్ మాత్ర ఆ కథను మార్చివేసింది. ఇటువంటి మాత్రలతో 46 మంది లింఫోమా తదితర రోగులకు చేసిన చికిత్స ఫలితాలు 2016లో వెలువడ్డాయి. దాదాపు అందరిలోనూ వైరస్ నశించగా, మూడింట రెండువంతుల మందిలో కాన్సర్ తగ్గింది. 2022లో ప్రచురితమైన ఇటలీ పరిశోధన ఇంకొంచెం నిదానంగా మాట్లాడుతుంది: 40 మందిలోనూ వైరస్ పోయింది, కాన్సర్ తగ్గినది 45 శాతం మందికి, పూర్తిగా పోయినది 20 శాతానికి.

ఇది మెల్లగా పెరిగే లింఫోమాల మాట. తక్షణ కీమోథెరపీ అక్కరలేని అటువంటి రోగికి మొదటి చికిత్సగా ఈ మాత్రలనే ఇవ్వవచ్చు. ఉధృతంగా పెరిగే రకానికి కీమోథెరపీని వాయిదా వేయడం ప్రాణాంతకం; అక్కడ మాత్రల పని కీమోతోపాటో, ఆ తరువాతో. మరొక హెచ్చరిక కూడా ఉన్నది. ఒంట్లో హెపటైటిస్ బి దాగి ఉన్నదేమో ముందే చూడాలి. సి వెళ్లిపోగానే బి తల ఎత్తిన సందర్భాలు లేకపోలేదు.

ఇక వెల సంగతి. అమెరికాలో విడుదలైనప్పుడు ఆ మాత్ర ఒక్కొక్కటి 1,000 డాలర్లు ఉండేది. 12 వారాలకు 84,000. ఇక్కడ 2015 జనవరిలో పేటెంటు కార్యాలయం ఆ ‘డి’ ఉపవిభాగాన్నే చూపి గిలియడ్ కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. ఢిల్లీ హైకోర్టు పునఃపరిశీలనకు పంపగా, 2016 మేలో పేటెంటు దక్కింది. ఈలోగా, 2014లోనే ఆ కంపెనీ భారతీయ సంస్థలకు లైసెన్సులిచ్చింది. తొలి జాబితాలో హైదరాబాదు హెటెరో ఉన్నది. పేటెంటును ప్రతిఘటించిన హైదరాబాదు నాట్కో సైతం 2015లో లైసెన్సు పుచ్చుకున్నది! సెక్షను చివరకు ఓడింది కదా అని వాదించేవారున్నారు. ఓడినా, తలుపు దగ్గర కాపు కాసినందువల్లనే కంపెనీ బేరానికి దిగివచ్చిందని నా అభిప్రాయం.

2016లో పంజాబు, 2018 జూలై 28న కేంద్రం ఈ మందును ఉచితంగా ఇచ్చే పథకాలు ప్రారంభించాయి. హెపటైటిస్ పథకం ఒకటి, కాన్సర్‌ను చూసే పథకం వేరొకటి. మంత్రిత్వ శాఖ ఒకటే అయినా ఫైళ్లు వేరు, ఆసుపత్రిలో వార్డులు వేరు. మన దేశపు లింఫోమా రోగులలో ఈ వైరస్ ఉన్నవారు అల్పసంఖ్యాకులే, నిజమే. కాని ఆ కొద్దిమందిని పట్టుకొనడానికి కావలసినది అందరికీ ఒక చిన్న రక్త పరీక్ష. పేటెంటు సెక్షనుకై రాత్రింబగళ్లు పోరాడిన పక్షాల సభ్యులలో ఎవరైనా ఆరోగ్య మంత్రిని ఒక నక్షత్రపు గుర్తు ప్రశ్న అడుగవచ్చును: కిందటి సంవత్సరం ప్రభుత్వ ఆసుపత్రులలో లింఫోమా నిర్ధారణ అయినవారెందరు, వారిలో హెపటైటిస్ సి పరీక్ష జరిగినదెందరికి?