ఎక్కువైతే మందగించే చర్య

క్రియాజనకాల గాఢత పెరిగితే చర్యావేగం పెరుగుతుందని మీరు చదువుకున్నారు. కాని ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడు, ఆక్సిజన్‌తో కలిసే చర్య చూడండి. లోహం బాగా వేడెక్కనంతవరకు, మోనాక్సైడు పీడనం రెట్టింపయితే వేగం సుమారు సగానికి పడిపోతుంది! 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్మ్యూర్ దీన్ని వివరించాడు.

ప్లాటినం ఉపరితలాన్ని బస్సులోని సీట్లనుకోండి. మోనాక్సైడు అణువుకు ఒక్క సీటు చాలు. గట్టిగా అంటుకుని కూర్చుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. (లోపలికి ఇంకిపోయే శోషణం వేరు సుమా!) ఆక్సిజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోవాలి కనుక దానికి పక్కపక్కన రెండు ఖాళీలు కావాలి. సీట్లన్నీ మోనాక్సైడే ఆక్రమిస్తే ఆక్సిజన్‌కు చోటేదీ?

వేడిచేస్తే కొన్ని మోనాక్సైడు అణువులు లేచిపోతాయి. ఆ ఖాళీల్లో చేరిన ఆక్సిజన్ పరమాణువులు పక్కనున్న మోనాక్సైడుతో కలిసి కార్బన్ డయాక్సైడుగా ఎగిరిపోతాయి. దాంతో మరిన్ని ఖాళీలు! చర్య ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఈ వివరాలను అణువుల స్థాయిలో తేల్చిన జర్మన్ శాస్త్రజ్ఞుడు గెర్హార్డ్ ఎర్ట్ల్‌కు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది.

కారు పొగగొట్టానికి అమర్చే ఉత్ప్రేరక పెట్టెలో ప్లాటినం, పల్లాడియం వంటి లోహాలుంటాయి. సుమారు 250 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేదాకా ఆ పెట్టె సరిగా పనిచేయదు. అందుకే, పెట్టె ఉన్నా సరే, తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుని, అక్కడా ఆక్సిజన్ సీటునే ఆక్రమిస్తుంది.