కాళ్ల శక్తి, మోటారు శక్తి

హుస్సేనీ ఆలం నుండి చార్మినార్ వైపు సాగే దారుల్లో సరుకు మోసే సైకిళ్లను మనం చూస్తూనే ఉంటాం. వాటిని నడిపే కాళ్ల శక్తి ఎంతో ఎన్నడైనా ఆలోచించామా?

ఆరోగ్యవంతుడైన మనిషి గంటల తరబడి తొక్కుతూ ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. ఏళ్ల తరబడి సాధన చేసిన మేటి క్రీడాకారులు ఒక గంటపాటు 400 వాట్ల దాకా ఇవ్వగలరు. ఎలక్ట్రిక్ సైకిలుకు అమర్చే 250 వాట్ల చిన్న మోటారు, ముగ్గురు సామాన్యుల పనిని అలుపు లేకుండా చేస్తుంది.

అదే మనిషి ఎనిమిది గంటలు తొక్కితే వెలువడే శక్తి 0.6 యూనిట్ మాత్రమే. దినమంతా చెమటోడ్చిన శ్రమ, మనం కొన్ని రూపాయలకు కొనే కరెంటుతో సమానం! కనుక మనిషి కూలిని వాట్లతో తూచరాదు. బేరమాడే ముందు అతని అలసటను తలచుకుందాం.

బరువులు మోసే వృద్ధులకు, మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ మోటారు గొప్ప ఊరట. అయితే మన దేశ నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లలోపు, దాని వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉన్న సైకిలుకే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర లేదు. అంతకు మించిన దాన్ని పిల్లల చేతికి ఇవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న యువకులకైతే వారి కాళ్లే చాలు.