సంతకం ఒక్కటే చాలదు!

చెట్టుకొమ్మ మీద ఆరేసిన తడిబట్టలా వేలాడే గడియారం... ఆ బొమ్మను ఒక్కసారి చూస్తే మరచిపోలేం. 1931లో దాన్ని గీసింది స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ. కలల్లోని వింతల్ని కాన్వాసు మీదికి తెచ్చే సర్రియలిజానికి ఆయన మారుపేరు. డాలీ అసలు పెయింటింగ్ కొనడం కోటీశ్వరులకే సాధ్యం. అందుకే చాలామంది ఆయన సంతకం ఉన్న ప్రింటు కొనుక్కుంటారు. మోసాలు మొదలయ్యేదీ అక్కడే!

1974లో ఫ్రాన్స్ కస్టమ్స్ అధికారులు అండోరా సరిహద్దులో ఓ వాహనాన్ని ఆపారు. అందులో దాదాపు 40 వేల తెల్లకాగితాలు. బొమ్మ లేదు, గీత లేదు... డాలీ సంతకం మాత్రం ఉంది! అలాంటి కాగితం మీద ఎవరేం అచ్చేసినా సంతకం అసలుదే, బొమ్మే నకిలీ. ఇక దొంగ సంతకాలు సరేసరి. నకిలీ డాలీ ప్రింట్లు అమ్మిన కేసులో 1990లో హవాయికి చెందిన ఓ గ్యాలరీ నిర్వాహకులు దోషులుగా తేలారు.

అసలుదేనా?

ప్రింటు కింద పెన్సిల్‌తో 45/300 అని ఉంటే- మొత్తం 300 ప్రతుల్లో అది 45వది అని అర్థం. ‘ఇ.ఎ.’ అని ఉంటే చిత్రకారుడి కోసం విడిగా తీసిన ప్రతి. అయితే పెన్సిల్‌తో అంకె ఎవరైనా వేయగలరు. అందుకే భూతద్దం పట్టండి. రంగులన్నీ వరసగా పేర్చినట్టు చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తే అది ఫొటో తీసి అచ్చేసిన నకలు కావచ్చు. రాగిరేకుతో తీసిన ఎచింగ్ అయితే బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గుర్తు చేతికి తగులుతుంది.

తర్వాత కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. ‘ఆర్ష్’, ‘రీవ్’ కంపెనీల నీటిగుర్తు కనిపించవచ్చు. దాని పక్కన అడ్డంగా పడుకోబెట్టిన 8లాంటి గుర్తు ఉంటే ఆ కాగితం 1980 తర్వాత తయారైంది. దానిమీద ‘1970 నాటి ప్రింటు’ అని ఉంటే అనుమానించాల్సిందే! చివరగా, ఆల్బర్ట్ ఫీల్డ్ 1996లో వెలువరించిన డాలీ గ్రాఫిక్ చిత్రాల కేటలాగుతో కొలతలు, కాగితం, ప్రతుల సంఖ్య పోల్చి చూడాలి.

ధర ఎంత?

అమ్మేవాళ్లు చెప్పే ధర కాదు, అదే ప్రింటు వేలంలో ఎంతకు అమ్ముడైందో చూడాలి. ప్రతులు తక్కువగా ఉంటే సాధారణంగా విలువ ఎక్కువ. మరకలు, మడతలు పడినా, అంచులు కత్తిరించినా ధర పడిపోతుంది. ఫ్రేములో పట్టలేదని అంచు కత్తిరించే పొరపాటు అస్సలు చేయొద్దు.

కాపాడుకోండిలా...

* ఎండ తగిలే గోడకు, వంటింటి పక్కన తగిలించొద్దు. మ్యూజియాల్లో కాగితపు చిత్రాలపై దాదాపు 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వరు.
* వెనక మామూలు అట్ట, ప్లైవుడ్ పెడితే వాటిలోని ఆమ్లం వల్ల కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆమ్లం లేని బోర్డే వాడాలి.
* బొమ్మ అద్దానికి ఆనకూడదు. చెమ్మకు అతుక్కుపోతుంది.
* సెల్లోటేపు, జిగురు, లామినేషన్ వద్దేవద్దు!
* వానాకాలంలో ఫ్రేము వెనక బూజు, పురుగు పట్టాయేమో చూస్తుండాలి. మరక పడితే మీరే తుడవకండి, నిపుణులకు చూపించండి.

కొన్ననాటి రసీదు కూడా పదిలం. రేపు మీ పిల్లలు ఆ ప్రింటును అమ్మాలనుకుంటే కొనేవారు మొదట అడిగేది దాన్నే!