దేహరక్షకులు

పొలము గట్టున నడచునప్పుడు కాలిలో తుమ్మముల్లు దిగుట పల్లెపిల్లలకు క్రొత్త కాదు. మొన విఱిగి లోపల నిలిచెనేని, మఱునాటికి ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, వేడెక్కి సలుపును. మఱి రెండు దినములకు చీము పట్టును. ఆ వాపును, ఆ వేడిని కలిగించునది ముల్లు కన్న మన దేహమే యనిన మీకు వింతగా తోచవచ్చును.

సూక్ష్మజీవులు మన చుట్టును, మన మీదను ఎల్లప్పుడును ఉండును. చర్మము చెక్కు చెదరనంత కాలము వానిలో పెక్కు లోనికి రాజాలవు. అన్నముతో లోనికి పోయినవానిలో అనేకమును జఠరములోని ఆమ్లము చంపివేయును. ముల్లు దిగినప్పుడు చర్మమున ద్వార మేర్పడును. అప్పుడు లోపలి కాపరులకు పని కలుగును.

ఈ కాపరులు తెల్ల రక్తకణములు. ఆరోగ్యవంతుల రక్తమున ఒక ఘన మిల్లీమీటరులో ఇవి సుమారు 4,000 మొదలు 11,000 వఱకు ఉండును. గాయమైన చోట సన్నని రక్తనాళములు వెడల్పగును. ఎఱుపును వేడిమియు అందుచే కలుగును. నాళముల గోడల సందులనుండి ద్రవము ఊరును, అదియే వాపు. ఆ సందులగుండనే తెల్లకణములును దూరి వచ్చి సూక్ష్మజీవులను చుట్టి మ్రింగును; మ్రింగి, తామును వేలకొలది మరణించును. చీములో అధికభాగము అట్లు మరణించిన కణములే. చీమును చూచి ముక్కు మూసికొనువారు ఈ సంగతి నెఱుగరు.

దీనిని లోకమునకు తెలిపినవాడు ఇల్యా మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు. ఆయనకు దారి చూపినదియు ముల్లే! 1882లో ఆయన ఇటలీలోని మెస్సీనా నగరమున నుండెను. ఒకనాడు ఇంటివారందఱును సర్కసు చూడబోగా, ఆయన యొక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. సముద్రనక్షత్రమను జలజీవి పిల్ల గాజువలె పారదర్శకముగా నుండును. దాని చర్మము క్రింద గులాబి ముండ్లను గ్రుచ్చి, ఆ రాత్రి నిదుర లేక గడపెను. తెల్లవాఱి చూడగా, సంచరించు కణములు ముల్లు చుట్టును మూగియుండెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానములో పాలు లభించెను.

దేహమున మఱియొక తెగ కణములు కలవు. ఇవి ఒక్కొక్క శత్రువును ఆనవాలు పట్టి, దానికే తగిన ప్రతిరక్షకములను తయారుచేయును. శత్రువు క్రొత్తదైనచో ఇందుకు వారమో, అంతకన్న ఎక్కువయో పట్టును. ఆలోపల మనము మంచము పట్టుదుము. జయించిన పిమ్మట కొన్ని కణములు ఆ జ్ఞాపకముతో మిగిలిపోవును.

ఈ జ్ఞాపక మెంతకాలము నిలుచును? 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రమునందలి ఫేరో దీవులలో తట్టు వ్యాపించెను. అచ్చటి 7,800 మంది జనులలో సుమారు 6,000 మందికి సోకెను. పీటర్ పానుమ్ అను యువవైద్యుడు డెన్మార్కునుండి పోయి విచారించెను. అంతకుముందు ఆ దీవులకు తట్టు వచ్చినది 1781లో. అప్పుడు దానిని అనుభవించి, బ్రదికియున్న వృద్ధులలో ఒక్కరికిని అది తిరిగి వచ్చినట్లు ఆయనకు కానరాలేదు. అనగా వారి దేహములు 65 ఏండ్లు ఆ శత్రువును మఱువలేదు!

మఱి పడిశము ఏటేటా వచ్చుటేల? దానిని కలిగించు వైరసులు 200 రకములకు పైగా కలవు. ఒకదానిని ఎఱిగినంతమాత్రమున వేఱొకటి ఆగదు.

శత్రువును హానిలేని రూపమున చూపి, రోగము రాకమున్నే ఈ జ్ఞాపకమును కలిగించుట టీకా పని. మా తరమువారి చేతిపై మశూచికపు టీకా మచ్చ కలదు. టీకాలవారు బడికి వచ్చిరనగానే దొడ్డిదారిన పరుగెత్తినవారిలో నేనొకడను, అయినను పట్టుబడితిని. మన దేశమున మశూచికము 1975లో అంతరించెను. 1980లో లోకమంతటను తొలగినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. అందుచే ఆ టీకా మీకు వేయలేదు. మీలో పెక్కుమంది ఎడమ భుజముపై కనబడు చిన్న మచ్చ క్షయవ్యాధికై పసితనమున వేసిన టీకాది.