చెల్లింపని ఖర్చును లెక్క వ్రాయుట

హైదరాబాదు హైటెక్ సిటీలోని సత్యం కంప్యూటర్సు కంపెనీ అధ్యక్షుఁడు రామలింగరాజు 2009 జనవరి 7వ తేదీన వ్రాసిన లేఖను గూర్చి చదువరులు వినియుందురు. బ్యాంకులలో లేని 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్లు చూపిన సంగతియే ఎల్లరకుఁ దెలియును. ఆ లేఖలోనే మఱి రెండు పద్దులు గలవు: రావలసినదని చూపిన వడ్డీ 376 కోట్లు వట్టిది, ఇయ్యవలసిన 1,230 కోట్లు లెక్కకు ఎక్కలేదు.

అది మోసము. మన సంఘములలోనో, మోసము లేకయే ఇయ్యవలసినది లెక్కకు రాకపోవుచుండును. రొక్కము చేయి దాఁటిననాఁడే ఖర్చని పలువురు తలంచుటయే దీనికిఁ గారణము.

సంఘము జనవరి 1వ తేదీన సాలుకు నూటికి 12 రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పుగొని, వడ్డీని డిసెంబరు నెలాఖరున చెల్లింప నొడంబడెననుకొందము. మార్చి 31వ తేదీకే 3,000 రూపాయల వడ్డీ పెరిగియుండును. ఆనాఁడే దానిని వడ్డీ ఖాతాకు ఖర్చుగను, ‘ఇయ్యవలసిన వడ్డీ’ ఖాతాకు జమగను వ్రాయవలెను. డిసెంబరులో 12,000 చెల్లించునపుడు 3,000 ఆ బాకీ క్రిందికిఁ బోవును. 9,000 మాత్రమే క్రొత్తసాలు ఖర్చు.

కావలివాని మార్చి జీతము, గిడ్డంగి కరెంటు బిల్లు నిట్టివే. బిల్లు రానిచో మీటరు చూచి అంచనా వ్రాయవచ్చును; విడువరాదు. విడిచినచో లేని లాభము కనఁబడును, సభ్యులు డివిడెండుగాఁ బంచుకొందురు. పంచినదానిని మరల రాఁబట్టుట యెట్టిదో కార్యదర్శుల నడుగుఁడు! కావున లెక్కలు ముగించుటకు ముందు ఏప్రిలులో వచ్చిన బిల్లులన్నియుఁ జూచి, మార్చికిఁ జెందినవానిని ఏఱి వ్రాయవలెను.